నీళ్ళు నిండేంతసేపు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఇల్లు కాలువ లాకుల పక్కనే ఉండేది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టి నీళ్ళను కాలువల్లోకి మళ్ళించిన తర్వాత మా వైపు ప్రయాణాలన్నీ పడవల మీదే సాగేవి. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, పెళ్ళివారి పడవలు, పెనుగొండ అమ్మవారి దర్శనానికి వెళ్ళేవాళ్ళ పడవలు, అన్నీ మా లాకుల్లోంచే దాటాలి. అక్కడ కాలువ ఒక్కసారిగా నిలువెత్తు కిందికి దిగుతుంది. అందుకని రెండు వైపులా పెద్ద చెక్కతలుపులు పెట్టి, మధ్యలో రాతితో తొట్టిలాంటిది కట్టారు. కిందనుంచి వచ్చిన పడవను ఆ తొట్టిలోకి రానిచ్చి, వెనక తలుపులు మూసి, పైనుంచి నీళ్ళు వదిలితే నీళ్ళతోపాటు పడవా మెల్లగా పైకి లేచేది. తొట్టి నిండాక ముందు తలుపులు తెరిస్తే తన దారిన తాను పోయేది. ఆ తలుపులు తెరిచి మూసే పని మా తాతయ్యది.

తొట్టి నిండటానికి ఎంతసేపు పట్టేదంటే, అమ్మమ్మ బియ్యం కడిగి ఎసట్లో పోశాక అది పొంగు వచ్చేంతసేపు. ఆ కాసేపట్లో పడవవాళ్ళు చుట్టలు కాల్చుకునేవారు. గట్టు వెంట పడవను తాడుతో లాగి లాగి అలిసినవాళ్ళు అక్కడే వెల్లకిలా పడుకునేవారు. తాతయ్య నీళ్ళు వదిలే ఇనుప చక్రం మీద చెయ్యి వేసి నీళ్ళకేసి చూస్తూ నిలబడేవాడు.

మా అమ్మకు నా తర్వాత కవలపిల్లలు పుట్టారు. ముగ్గురిని సాకలేక నన్ను అమ్మమ్మ దగ్గర వదిలింది. అప్పటికి నాకు మూడేళ్ళట. నన్ను ఎత్తుకు తిప్పింది, జుట్టు దువ్వింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది మా పిన్ని. మా అమ్మ తర్వాత చాలా ఏళ్ళకు పుట్టిన పిల్ల కాబట్టి తనకూ అప్పటికి పది, పదకొండేళ్ళకు మించి లేవు. మా ఇద్దరికీ ఆట ఒక్కటే. లాకుల్లో ఆగిన పడవలోకి చూడటం, అందులో వాళ్ళ గురించి పిన్ని కథ చెప్పటం, నేను నోరు తెరుచుకు వినటం. ముఖం ముడుచుకు కూర్చున్న ఒక ముసలాయన్ని చూపించి, "కొడుకు మీద అలిగి వెళ్ళిపోతున్నాడే. ఆ మూట చూడు. కొడుక్కి ఇష్టమని పనసకాయ తెచ్చి, పెట్టకుండానే తిరిగి పట్టుకుపోతున్నాడు" అనేది. నాకు ఆ ముసలాయన మీద జాలి పుట్టి ఏడుపొచ్చేది. ఆ పడవ వెళ్ళిపోయాక కూడా ఆయన కొడుకు వెనకాల పరిగెత్తుకొస్తాడేమోనని గట్టుకేసి చూస్తూ ఉండేదాన్ని.

పడవలకు చీటీలు రాసిచ్చే రాయసం గారు ఒకాయన అక్కడ ఉండేవారు. పిల్లలు లేని మనిషి. ఆయనకు పొద్దుపోక పిన్నికి ఇసకలో అక్షరాలు దిద్దించారు. ఆ రోజుల్లో మాలాంటి ఇళ్ళల్లో ఆడపిల్లకు చదువేంటని అమ్మమ్మ గొణిగినా తాతయ్య పట్టించుకోలేదు. ఆయనకు ఒక్క అక్షరం రాదు. అయినా కూతురు ఇసకలో తన పేరు రాసి చూపిస్తే, దాని మీద ఎవరూ కాలు వెయ్యకుండా సాయంత్రం దాకా చుట్టూ తిరిగాడని అమ్మమ్మే చెప్పేది. పిన్ని నేర్చుకున్నదంతా నాకూ నేర్పింది. రాయసం గారు తడిసి పాడైన చీటీల కాగితాలు పారెయ్యకుండా మాకు ఇచ్చేవారు. వాటి వెనక పిన్ని రెల్లు కలంతో కథలు రాసేది. సాయంత్రం తాతయ్య కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే చదివి వినిపించేది. ఆపగానే ఆయన, "తర్వాతేంటమ్మా?" అనేవాడు. రేపు చెప్తానని పిన్ని నవ్వేది.

పిన్నిని కాపురానికి పంపినప్పుడు నాకు ఏడేళ్ళు. పెనుగొండకు అవతల ఒక పల్లె. పడవ మీద పూటప్రయాణం. పెద్ద సంసారం, పాడి, పంట, వచ్చేపోయేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. నేను ఈ వయసులో వెనక్కి తిరిగి చూసుకున్నా వాళ్ళనొక మాట అనబుద్ధి కాదు. పిన్ని వెళ్ళిన రోజు కాగితాలూ కలమూ బట్టల మూటలో పెట్టుకుని వెళ్ళింది. ఆ తర్వాత రెండేళ్ళు తనను నేను చూడలేదు.

తొలి పురిటికి ఏడో నెలలో తీసుకొచ్చారు. పడవ దిగుతుంటే గుర్తుపట్టలేకపోయాను. మనిషి నల్లబడింది, మాట తగ్గింది. ఆగిన పడవల్ని చూసి కథలు చెప్తుందేమోనని నేను కొంగు పట్టుకుని లాకుల దగ్గరికి లాక్కెళితే, ఊరికే నిలబడి చూసి ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం తాతయ్య అరుగు మీద కూర్చుని అడిగాడు.

"అక్కడ ఏమైనా రాసేవా అమ్మా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "తీరికేదీ నాన్నా? తెల్లారి లేస్తే పేడకళ్ళు, పాలు, పొయ్యి. మధ్యాహ్నం కాస్త కూర్చుందామంటే ఎవరో ఒకరు వస్తారు. మొదట్లో బుర్రలో అనుకునేదాన్ని. తర్వాత అదీ పోయింది. కాగితాలు చెదలు పట్టాయి." అలా చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. చెదలు పట్టిన కాగితాలకు ఇంత ఏడుపేంటా అని నాకు ఆశ్చర్యం వేసింది.

 మర్నాడు పొద్దున తాతయ్య చద్దన్నం తిని లేస్తూ, "మంత్రసాని కనపడిందే. కడుపుతో ఉన్న పిల్లకి కాలువగాలి మంచిదంట. రోజూ కాసేపు లాకుల దగ్గర కూర్చోబెట్టమంది" అన్నాడు అమ్మమ్మతో. అది శుద్ధ అబద్ధం. మంత్రసాని ఆ వారమంతా ఊళ్ళోనే లేదు. తర్వాత అమ్మమ్మ ఆమెను అడిగేసింది కూడా. ఆ మహాతల్లి ఒక్క క్షణం తెల్లబోయి, "అవునమ్మా, నేనే చెప్పాను" అందట. మనుషులు అంత మంచిగా ఉండేవారు.

చక్రం పక్కన ఒక చదును రాయి ఉండేది. దాని మీద గోనె పరిచి పిన్నిని కూర్చోబెట్టాడు. రాయసం గారి దగ్గర కాగితాలూ సిరాబుడ్డీ తెచ్చి పక్కన పెట్టాడు. పిన్ని ఇంతమంది మధ్య ఎలా రాయనని సిగ్గుపడింది. అప్పుడు తాతయ్య చెప్పిన మాట నాకు అక్షరం అక్షరం గుర్తు.

"రోజంతా రాయమని ఎవరన్నారు? పడవ లోపలికొచ్చి వెనక తలుపు మూశానంటే మొదలెట్టు. నీళ్ళు నిండి ముందు తలుపు తెరిచానంటే ఆపెయ్యి. ముక్క మధ్యలో ఉన్నా సరే ఆపెయ్యాలి. పడవ నీ కోసం ఆగదు కదా."

మొదటి పడవకు పిన్ని ఒక్క మాట కూడా రాయలేదు. రెండో పడవకు ఒక వాక్యం రాసి కొట్టేసింది. సాయంత్రానికి నాలుగు వాక్యాలయ్యాయి. మూడు రోజులు గడిచేసరికి, దూరంగా పడవవాళ్ళ పాట వినపడితే చాలు, కలం సిరాలో ముంచి సిద్ధంగా కూర్చునేది. తలుపులు తెరుచుకునే చప్పుడు కాగానే, మాట సగంలో ఉన్నా కలం కింద పెట్టేసేది. అలా ఆపితే మర్చిపోవా అని ఒకసారి అడిగాను. "మర్చిపోనే. మాట పూర్తిచేసి ఆపితే మళ్ళీ ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. సగంలో ఆపితే మిగతా సగం చారులో పోపులా లోపల చిటపటలాడుతూనే ఉంటుంది" అంది. అప్పుడు నవ్వింది. వచ్చాక అదే మొదటిసారి నవ్వటం.

ఆ కథ ఒకామె గురించి. ఆమె ఒక రోజు పొద్దున లేచేసరికి తన నవ్వు కనపడదు. ఇల్లంతా వెతుకుతుంది. ఎవరో దాన్ని మూటకట్టుకుని పడవెక్కి వెళ్ళారని తెలిసి, తానూ కాలువల వెంట బయల్దేరుతుంది. ప్రతి లాకు దగ్గరా దిగి, నా నవ్వు ఇటు వచ్చిందా అని అడుగుతుంది. ఒకచోట లాకు మనిషి, నిన్న ఒక చంటిపిల్ల అచ్చం అలాగే నవ్వుతూ వెళ్ళిందంటాడు. ఇంకోచోట, పెళ్ళిపడవలో వినపడిందంటారు. ఆమె ఎక్కిన ప్రతి పడవలోనూ ఒక మనిషి, ఆ మనిషికో కథ. సాయంత్రం పిన్ని చదువుతుంటే తాతయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. ఆగగానే, "తర్వాతేంటమ్మా?" అనేవాడు. ఆ మాట కోసమే పిన్ని ఎదురుచూసేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఎండాకాలం వచ్చింది. ఏటా ఆ రోజుల్లో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు. నీళ్ళు పోయి బురద తేలింది. పడవల్లేవు, పడవవాళ్ళ పాటల్లేవు. పిన్నికి రోజంతా తీరికే. పొద్దున్నే కాగితాలు ముందు పెట్టుకుని కూర్చునేది. మధ్యాహ్నం అయ్యేది, సాయంత్రం అయ్యేది, ఒక్క ముక్క పడేది కాదు. అలా నాలుగు రోజులు.

"ఏం తోచటం లేదు నాన్నా. పడవ వస్తుందంటే చెయ్యి దానంతటదే కదిలేది. ఇప్పుడు ఎంతసేపైనా రాసుకోవచ్చంటే ఒక్క మాటా రావటం లేదు."

తాతయ్య లేచాడు. తలకు తుండు చుట్టుకుని కర్ర తీసుకున్నాడు. "అయితే గట్టు మీద ఆ కనపడే తూము దాకా వెళ్ళొస్తాను. నేను వెళ్ళి వచ్చేలోపు రాయి. వచ్చి ఈ రాయి మీద చెయ్యి పెట్టానంటే ఆపెయ్యాలి" అన్నాడు.

నేను నవ్వాను. అమ్మమ్మ, ఈ వయసులో ఎండలో ఈ తిరుగుడేంటని కేకలేసింది. ఆయన వినలేదు. గట్టు మీద ఎండకు తాటాకులు కూడా ముడుచుకుపోతుంటే అడుగులో అడుగు వేసుకుంటూ తూము దాకా నడిచి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు దూరం నుంచే కూతురికేసి చూసేవాడు. పిన్ని తల వంచుకుని రాస్తూ కనపడితే, కాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు అక్కడే కూర్చుని అరికాలు చూసుకునేవాడు. లేని ముల్లును అంతసేపు తీసేవాడు. తల ఎత్తి కనపడితే గబగబా వచ్చి రాయి మీద చెయ్యి వేసేవాడు. రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు. కాలువ కట్టేసి ఉన్నన్నాళ్ళూ తిరిగాడు. అరికాళ్ళు పగిలి, అమ్మమ్మ వేపనూనె రాస్తుంటే పళ్ళు బిగించుకునేవాడు గాని మానలేదు.

కాలువకు మళ్ళీ నీళ్ళు వదిలారు. పడవలు వరస కట్టాయి. పిన్నికి నెలలు నిండాయి. అయినా మూడు రోజులు వచ్చి రాయి మీద కూర్చుంది. మూడో రోజు చివరి పడవ కొబ్బరికాయల పడవ. తొట్టి నిండింది, తలుపులు తెరుచుకున్నాయి, పిన్ని కలం కింద పెట్టి నడుం పట్టుకుని లేచింది. ఆ సాయంత్రం అలిసిపోయానని, రేపు చదువుతానని పడుకుంది.

తెల్లవారకముందే నొప్పులు మొదలయ్యాయి. నన్ను రాయసం గారింట్లో ఉంచారు. ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. రాయసం గారి భార్య అన్నం కలిపి పెడుతూ పెడుతూ ముఖం పక్కకు తిప్పుకుంది. పిన్ని పోయింది. పుట్టిన బిడ్డా దక్కలేదు.

ఆ రోజు లాకులకు రెండు వైపులా పడవలు ఆగిపోయాయట. మామూలుగా అయితే అరుపులు, తిట్లు. ఆ రోజు ఒక్కరూ నోరెత్తలేదు. చీకటి పడబోతుంటే పడవవాళ్ళే నలుగురు దిగి, చప్పుడు కాకుండా చక్రం తిప్పుకుని ఒకటొకటిగా దాటిపోయారు.

పదిహేను రోజులకు తాతయ్య పనిలోకి వెళ్ళాడు. నేను వెంట వెళ్ళాను. ధాన్యం పడవ ఒకటి వచ్చింది. వెనక తలుపులు మూసి చక్రం తిప్పాడు. నీళ్ళు దూకుతున్నాయి. ఆయన చెయ్యి చక్రం మీద ఉంది, చూపు మాత్రం ఆ రాయి మీద ఉంది. గోనె ఇంకా అక్కడే ఉంది, ఎవరూ తియ్యలేదు. తొట్టి నిండింది. పడవవాళ్ళు పిలిస్తే ఉలిక్కిపడి తలుపులు తెరిచాడు. ఆ పడవ వెళ్ళిపోయాక నాకేసి తిరిగి, "ఆ కాగితాలు ఎక్కడున్నాయో తెలుసా?" అన్నాడు.

అమ్మమ్మ వాటిని పిన్ని చీరలతోపాటు కాలువలో కలిపెయ్యాలని మూటకట్టి ఉంచింది. నేను వెళ్ళి అడిగితే మూట విప్పి కాగితాలు నా చేతిలో పెట్టింది. తర్వాతి పడవకు నేను రాయి మీద కూర్చుని మొదటి కాగితం చదివాను. నాకు తొమ్మిదేళ్ళు. కూడబలుక్కుని చదవటమే గాని సాఫీగా రాదు. ఒక్క పడవ దాటేలోపు నాలుగైదు వాక్యాలు. తాతయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. తలుపులు తెరిచే వేళకు నేనూ ఆపేసేదాన్ని. పిన్ని రాసిన కథంతా అలా నెలరోజులకు పైగా చదివాను. అన్నీ ఆయన విన్నవే. ఒక్క చివరి కాగితమే ఆయన వినలేదు.

అందులో ఆమె కాలువ చివరి లాకు దగ్గరికి చేరుతుంది. అక్కడ ఆగిన ఒక పడవలోంచి ఒక ముసలమ్మ లేచి నిలబడి ఆమెను పిలుస్తుంది. "అమ్మాయీ, నువ్వు వెతికేది". అక్కడితో సరి. కొబ్బరికాయల పడవ దాటినప్పుడు ఆపిన చోటు అది.

"ఊఁ, తర్వాతేంటి?" అన్నాడు తాతయ్య కళ్ళు తెరవకుండానే.

"అంతే తాతయ్యా."

 మర్నాడు మొదటి పడవకు, "ఆ చివరి కాగితం మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. ఆ తర్వాతి రోజూ అదే. ముసలమ్మ లేచి నిలబడేది, "అమ్మాయీ, నువ్వు వెతికేది" అనేది, నేను ఆపేసేదాన్ని. ఆయన ముఖం ఇంకా ఏదో వినటానికి సిద్ధంగా ఉన్నట్టు అలాగే ఉండిపోయేది. నాకు భరించటం కష్టమైంది. ఒక మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తుంటే, పెరట్లో కూర్చుని ఆ కాగితం కింద మిగిలిన చోట నా వంకరటింకర అక్షరాలతో ఒక ముక్క రాశాను. మర్నాడు చదివాను.

"అమ్మాయీ, నువ్వు వెతికేది ఈ పడవలో లేదు, నిన్నటి పడవలో వెళ్ళిపోయింది, అని ముసలమ్మ ఏడ్చింది."

తాతయ్య కళ్ళు తెరిచాడు. నాకేసి చూశాడు. తొట్టి నిండి, నీళ్ళు నిలకడైపోయినా చక్రం మీది చెయ్యి కదల్లేదు.

"ఇది పిన్ని రాసిందా?"

"ఆఁ. నిన్న కాగితం చివర కనపడలేదు తాతయ్యా" అన్నాను.

"అమ్మా, నాకు అక్షరాలు రావు గాని, నా కూతురి మాట నాకు తెలీదా? ముసలమ్మను అది ఏడిపించదు." నా ముఖం చిన్నబోయింది. ఆయన తలుపు నెట్టే దూలం దగ్గరికి నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "సరేలే. రేపటికి ఇంకో ముక్క రాయి."

అలా నేను మొదలుపెట్టాను. నాకు కథ అల్లటం ఎక్కడ వచ్చు? పిన్ని చెప్పినవన్నీ కలిపి కుట్టేదాన్ని. ఆయన ఒక్కరోజూ బాగుందని గాని బాగాలేదని గాని అనలేదు. "తర్వాతేంటి?" అనేవాడు, అంతే. కొన్నాళ్ళు ఉత్సాహంగా రాశాను. తర్వాత ఒళ్ళు బద్ధకించింది. కార్తీకమాసంలో అమ్మమ్మకు నడుం నొప్పి వచ్చి పనులు నా మీద పడ్డాయి. అది నిజమే గాని, సాయంత్రాలు గచ్చకాయలాడటానికి మాత్రం నాకు పొద్దు ఉండేది. ఒక రోజు పెనుగొండ వెళ్ళే యాత్రికుల పడవ లాకుల్లో ఉండగా తాతయ్య అలవాటుగా అడిగాడు. నేను, "రాయలేదు తాతయ్యా. తీరిక దొరకలేదు" అన్నాను.

ఆయన చక్రం వదిలేశాడు. ఎప్పుడూ లేనిది, వచ్చి ఆ రాయి మీద నా పక్కన కూర్చున్నాడు. 

"మీ పిన్ని కూడా ఈ మాటే అంది" అన్నాడు. "తీరిక లేదు నాన్నా అంది. అప్పుడు నేను, దానికి అక్కడ పని ఎక్కువ కాబోలు, అందుకే రాయలేదు కాబోలు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఇక్కడ దానికి పని లేకా? నీళ్ళు మోసేది, పిడకలు చేసేది, నిన్ను సాకేది. అయినా రాసేది. ఎందుకు? సాయంత్రమైతే తర్వాతేంటని నేను అడుగుతానని. అక్కడ అడిగేవాడు లేడమ్మా."

ఎదురుగా ఉన్న పడవకేసి చెయ్యి చూపించాడు.

"ఇదిగో, ఈ పడవ వాళ్ళ ఊరి మీదుగానే వెళ్తుంది. రోజుకు ఇలాంటివి రెండైనా దాటిస్తాను. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి వాళ్ళ రేవులో దిగొచ్చు. రెండేళ్ళు. ఒక్కసారి ఎక్కలేదు నేను. కోతలయ్యాక వెళ్దాం, వానలు తగ్గాక వెళ్దాం, ఇంకో మనిషి దొరికాక చక్రం వాడికి అప్పజెప్పి వెళ్దాం అనుకుంటానే ఉన్నాను. నాకూ తీరిక లేదనుకున్నాను. ఒక్కసారి వెళ్ళి, ఏమ్మా తర్వాతేంటి అని అడిగుంటే..."

 తాతయ్య ఏడవటం నేను చూసింది అదొక్కసారే. పిన్ని పోయిన రోజు కూడా ఆయన కంట నీరు పెట్టలేదు. తుండు ముఖానికి అడ్డం పెట్టుకుని భుజాలు కుదిపేస్తూ ఏడ్చాడు. తొట్టి ఎప్పుడో నిండింది. పడవ సరంగు ఒకసారి గొంతు సవరించుకున్నాడు గాని పిలవలేదు. యాత్రికుల్లో ఎవరో తొందరపడబోతే చేత్తోనే వారించాడు. కాసేపటికి తాతయ్య లేచి, తుండు దులుపుకుని, వీపుతో దూలం నెట్టి తలుపులు తెరిచాడు. "ఆలస్యమైందండి, ఏమీ అనుకోకండి" అని సరంగుతో అన్నాడు. "అబ్బే, ఎంతసేపైందండి!" అన్నాడు సరంగు.

ఆ రోజు నాకు సగమే అర్థమైంది. నా వల్ల తాతయ్య ఏడ్చాడని మాత్రం అర్థమైంది. గచ్చకాయలు తీసి అటక మీద పడేశాను.

పదమూడో ఏట నన్ను కాపురానికి పంపారు. నా అత్తవారి ఊరూ కాలువ గట్టునే. నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం మా వీధి అరుగు మీద తాతయ్య కూర్చుని ఉన్నాడు. చేతిలో నాలుగు కొబ్బరికాయలు. చక్రం ఆ పూటకు రాయసం గారు చూసుకుంటున్నారట. కాగితం, కలం తప్ప ఇంకోటి ముట్టి ఎరగని ఆయన చక్రం తిప్పటం చూసి పడవవాళ్ళంతా నవ్వుకున్నారట. మజ్జిగ తాగి, మా అత్తగారి క్షేమసమాచారం అడిగి, నేను చెంబు తీసుకోవటానికి వచ్చినప్పుడు మెల్లగా, "తర్వాతేంటి?" అన్నాడు. నా దగ్గర ఏమీ లేదు. వచ్చే నెలకు ఉంటుందని చెప్పాను. వచ్చే నెలకు ఉంది.

అలా నెలకొకసారి వచ్చేవాడు. ఒకసారి మామిడికాయలు, ఒకసారి తేగలు, ఒకసారి ఏమీ లేక లాకుల దగ్గర పట్టిన నాలుగు కొరమీను పిల్లలు. మా అత్తగారు, "మీ తాతకు మనవరాలంటే ఎంత ప్రాణమే" అనేది. అసలు సంగతి ఎవరికీ తెలీదు. పెరట్లో అరటిచెట్ల దగ్గర అంట్లు ముందేసుకు కూర్చుని, నేను రాసిన నాలుగు ముక్కలు గొంతు తగ్గించి చదివేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని విని, సాయంత్రం పడవకు వెళ్ళిపోయేవాడు. ఆ నాలుగు ముక్కలు రాయటానికి నెలంతా ఎక్కడెక్కడి కాసేపులో ఏరుకునేదాన్ని. పాలు పొంగేదాకా, పిల్లవాడు నిద్రలో ఒత్తిగిలేదాకా, చాకలి వచ్చి బట్టలు లెక్క అడిగేదాకా.

అలా ఆరేళ్ళు వచ్చాడు. తర్వాత కాళ్ళు వాచి నడవలేకపోయాడు. ఒక ఎండాకాలం, కాలువ కట్టేసి పడవల్లేని రోజుల్లో కబురొచ్చింది. ఎడ్లబండి కట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ నెల ఆయనకు వినిపించాలని రాసిన కాగితం నా రొంటినే ఉండిపోయింది. ఆ తర్వాత నాలుగైదేళ్ళు నేను కలం పట్టలేదు. పట్టి ఎవరికి వినిపించాలి?

మళ్ళీ ఎలా మొదలుపెట్టానంటే, చెప్పుకోదగ్గ కారణం ఏదీ లేదు. ఒక రోజు పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు ఊరికే కూర్చోలేక నాలుగు మాటలు రాశాను. మర్నాడూ రాశాను. అప్పటినుంచి ఇన్నేళ్ళు. నేను రాసినవేవీ అచ్చు కాలేదు, అవ్వాలని కోరుకోలేదు. మా పిల్లలు కొన్ని విన్నారు, కొన్ని ఎలకలు కొట్టాయి. నా పిల్లల్లో ఎవరికి ఏ సరదా ఉన్నా, ఒకడికి పాట, ఒకతెకు ముగ్గు, దాని గురించి అడగటం మాత్రం ఏ రోజూ మానలేదు. దూరాన ఉన్న కూతురికి ఉత్తరం రాయాలంటే ఆ రోజే రాస్తాను. వెళ్ళి చూడాలనిపిస్తే ఆ వారమే బయల్దేరుతాను. ఇంట్లో వాళ్ళకు నా తొందర చూస్తే నవ్వు.

పిన్ని కథను ఎంతో దూరం తీసుకెళ్ళాను గాని, ముసలమ్మ చెప్పబోయిన మాట మాత్రం నేను రాయలేదు. నేను పెట్టిన మాటను తాతయ్య ఒప్పుకోలేదు కదా. ఆ కథలో నవ్వు పోగొట్టుకుంది పిన్నే, అది ఎక్కడ దొరుకుతుందో కూడా తనకే తెలుసు. తను అత్తవారింట్లో ఉన్న ఆ రెండేళ్ళలో మాలో ఎవరం వెళ్ళి అడిగినా చెప్పి ఉండేది.